సిలిండరు అంచున మెట్టు

దుమ్ముగూడెం పరిసరాల అడవి మట్టిబాటలపై తిరుగు జీపునకు దుమ్మే శత్రువు. గాలి వడపోత చెడినచో ఇసుకరేణువులు ఇంజనులో చేరి, నూనెతో కలిసి, సిలిండరు గోడను అరగదీయును. ఈ అరుగుదల పైభాగమున హెచ్చు. అచ్చట పిస్టను ఆగి మరలును. వేడికి నూనెపొర పలుచబడును. మంట ఒత్తిడి రింగులను గోడకు అదుమును. రింగులు చేరని పై అంచు మాత్రము అరగక మెట్టుగా మిగులును.

మరమ్మతులో పైమూత తీసిన పిమ్మట ముందుగా ఈ మెట్టును చెక్కివేయవలెను. లేనిచో పిస్టనును పైకి నెట్టునపుడు రింగులు దానికి తగిలి, వాటిని పట్టియుంచు గాడుల అంచులు విరుగవచ్చును. ప్రతి పిస్టనుకు వరుససంఖ్య, ముందువైపు గుర్తు ఉండవలెను. కనెక్టింగు రాడ్డు, దాని అడుగుమూత జతగా బిగించి తొలిచినవి. మూతలు తారుమారైనచో బేరింగు పట్టివేయును.

అరుగుదల హద్దు మించినచో సిలిండరును తొలిపించి పెద్ద పిస్టను అమర్చవలసినదే. వడపోతను శుభ్రముగా ఉంచినచో ఆ ఖర్చు చాలకాలము రాదు.