కుళాయి నీళ్ళు – మన జాగ్రత్తలు
(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇల్లు కట్టేటప్పుడు గోడల రంగు గురించీ, వంటింటి అరల గురించీ పదిసార్లు ఆలోచిస్తాం. గోడల్లో, నేలలో దాగివున్న నీళ్ళ గొట్టాల సంగతి మాత్రం అవి కారినప్పుడే గుర్తుకొస్తుంది. "ప్లంబరు చూసుకుంటాడులే" అనుకుంటాం. ప్లంబరు వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఆ నీళ్ళతో రోజంతా పని మనకే కదా! అందుచేత కొన్ని విషయాలు మనమే తెలుసుకోవడం మంచిది.

మొట్టమొదట, మంచినీళ్ళలో మురుగు ఎలా కలుస్తుందో చూద్దాం. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్ళు తాగి పలువురు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులోనూ అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఇవి ఎక్కడో అడవిలో జరిగినవి కావు. మనలాంటి వాళ్ళు, ఇంటి ముందు కుళాయి నీళ్ళు పట్టుకునే వాళ్ళు ఉండే పట్టణాల్లో జరిగినవి.

మన ఊళ్ళలో చాలాచోట్ల కుళాయి రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. కొన్ని చోట్ల రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్ళు జోరుగా వస్తున్నంతసేపూ గొట్టానికి పగులున్నా నీళ్ళు బయటికే చిమ్ముతాయి. నీళ్ళు ఆగిపోయాక గొట్టం ఖాళీ అవుతుంది. ఆ పగులు చుట్టూ మురుగు నిలిచివుంటే, అది నెమ్మదిగా లోపలికి దిగుతుంది. మర్నాడు నీళ్ళు వదలగానే ఆ మురుగే ముందుగా మన బిందెలోకి వస్తుంది. ఎవరైనా వీధి గొట్టానికి నేరుగా మోటారు తగిలిస్తే ఆ పీల్పుకి మురుగు మరింత లోపలికి వస్తుంది. మన ఇంటి మోటారు పక్కింటి పసివాడికి జబ్బు తేవచ్చునన్నమాట!

కనుక వీధి నీళ్ళు వాటంతట అవే సంపులో పడాలి. మోటారు సంపులోంచి పైకి తోడాలి. మొదట వచ్చే నీళ్ళు కాసేపు తాగడానికి పట్టకండి. రంగు మారినా, వాసన వేసినా ఇరుగుపొరుగుకు చెప్పి, వెంటనే నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదు చెయ్యండి. అలాంటి నీళ్ళు అసలు తాగకండి. తేటగా కనిపించిన నీళ్ళలోనూ క్రిములు ఉండవచ్చు. అనుమానంగా ఉన్న రోజుల్లో తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగాలి. మీ ఇంటి గొట్టం మురుగుకాలవలోంచి వస్తోందేమో ఒకసారి చూసి, అలా ఉంటే దారి మార్పించండి.

ఇంకొక మాట. సబ్బునీళ్ళ బకెట్‌లో రబ్బరు గొట్టం ముంచి వదిలేస్తుంటాం. నీళ్ళు ఆగితే అదే గొట్టం బకెట్‌లోని మురికిని వెనక్కి లాగవచ్చు. గొట్టం కొస ఎప్పుడూ నీటికి పైనే ఉండాలి.

ఇక సంపు, పైన ట్యాంకు. రెండిటికీ మూత బిగుతుగా ఉండాలి. సందు ఉంటే బల్లులూ, దోమలూ చేరతాయి. ఆరు నెలలకొకసారైనా పాచి తోమించి కడిగించండి. ఆ తరువాత నీళ్ళలో బ్లీచింగ్ పొడి వెయ్యాలంటే, తేట నీళ్ళకు 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలు. పొడిని వేరే బకెట్‌లో కలిపి, సున్నం అడుగున దిగాక పైతేట మాత్రం పొయ్యండి. గంట ఆగి వాడుకోండి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ పొడిని ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. మూసివున్న సంపులోకి ఎవర్నీ ఒంటరిగా దించకండి. లోపల గాలి చాలక మనుషులు పోయిన సందర్భాలున్నాయి.

కారే కుళాయి చిన్న విషయం అనుకుంటాం. కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి చూడండి. అయిదు నిమిషాల్లో నిండితే, రోజుకు పోయేది దాదాపు 58 లీటర్లు! చాలాసార్లు అరిగిన వాషర్ మారిస్తే సరిపోతుంది. ఫ్లష్ ట్యాంకు కారుతోందేమోనన్న అనుమానముంటే, ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి అరగంట ఆగండి. నీళ్ళు వదలకుండానే కింద నీలం కనిపిస్తే లోపలి రబ్బరు పాడైందన్నమాట. గోడలో చెమ్మ కనిపిస్తే సున్నం పూసి ఊరుకోకండి. పక్కనే కరెంటు తీగ ఉంటే ప్రాణానికే ముప్పు.

గీజరు పక్కనున్న సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడుతుంటాయి. కాగిన నీళ్ళు వ్యాకోచిస్తాయి కాబట్టి, వాటికి అది దారి. చికాకుపడి దాన్ని బిగించి మూసేస్తే గీజరు పేలవచ్చు. నీళ్ళు ధారగా కారుతుంటే మాత్రం స్విచ్ ఆపి మనిషిని పిలిపించండి.

స్నానాలగది నుంచి దుర్వాసన వస్తోందా? జాలీ కింద వంపులో నీళ్ళు నిలిచివుండి మురుగు గాలినీ, బొద్దింకల్నీ అడ్డుకుంటాయి. వాడని గదిలో ఆ నీళ్ళు ఎండిపోతాయి. వారానికో చెంబెడు నీళ్ళు పొయ్యండి, చాలు.

చివరగా, ఇంటి నీళ్ళన్నీ ఒక్కసారి కట్టేసే వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. గొట్టం పగిలిన రాత్రి వెతుక్కునే పని ఉండదు. నెలకొకసారి దాన్ని తిప్పుతూ ఉంటే బిగుసుకుపోదు. ఈ సాయంత్రమే ఆ వాల్వు ఎక్కడుందో చూసుకోండి మరి.