తెంపి దించే జన్యువు

మనిషి అయిదో క్రోమోజోము పొడవు భుజం మీద ఈటీఎఫ్‌1 అనే జన్యువు ఉంది. అది తయారుచేయించే ప్రోటీన్ పేరు ఈఆర్‌ఎఫ్‌1. పొడవు 437 అమైనో ఆమ్లాలు. మైటోకాండ్రియాలు తమ సొంత జన్యువులతో చేసుకునే 13 ప్రోటీన్లను పక్కన పెడితే, మన కణాల్లో రైబోజోములు అల్లే గొలుసులన్నిటికీ ముగింపు పలికేది ఇదే.

నెల్లిమర్ల జూట్ మిల్లు మగ్గం మీద గోనె గుడ్డ ఎంత చక్కగా నేసినా తెంపి దించాకే సంచికి పనికొస్తుంది. ప్రోటీన్ సంగతీ అంతే. ఆఖరి అమైనో ఆమ్లం చేరాక కూడా గొలుసు తనను పట్టుకున్న టీఆర్‌ఎన్‌ఏను వదలదు. అదే ఊళ్లోని మహారాజా వైద్య కళాశాలలోనైనా, మరెక్కడైనా, ఎంబీబీఎస్ మొదటి ఏడు బయోకెమిస్ట్రీలో ప్రోటీన్ తయారీ ఒక పాఠం. అందులో ముగింపు ఘట్టానికి దక్కే చోటు చాలా తక్కువ. దాని గొప్పతనానికి అది న్యాయం కాదు.

జన్యుభాషలోని 64 మూడక్షరాల సంకేతాల్లో 61 అమైనో ఆమ్లాలకు చెందినవి. వాటిని చదివేవి టీఆర్‌ఎన్‌ఏలు. మిగిలిన యుఏఏ, యుఏజీ, యుజీఏ ఆపమని చెప్పేవి. వాటిని చదవడానికి మాత్రం ఆర్‌ఎన్‌ఏ రాదు, ప్రోటీనే వస్తుంది. బాక్టీరియాకు ఈ పనికి రెండు ప్రోటీన్లు కావాలి. మనిషికి ఒక్క ఈఆర్‌ఎఫ్‌1 చాలు. చిక్కేమిటంటే, యుజీఏ దగ్గర ఆగాలి, ఒక్క అక్షరం తేడా ఉన్న యుజీజీ దగ్గర ఆగకూడదు. అది ట్రిప్టోఫాన్ సంకేతం.

ఈ వివేకం ఎక్కడిదో 2015లో తేలింది. కేంబ్రిడ్జిలో రామానుజన్ హెగ్డే, వెంకీ రామకృష్ణన్ బృందాలు కోత పడే ముందు క్షణాన్ని పట్టుకోవాలనుకున్నాయి. ఈఆర్‌ఎఫ్‌1 మధ్య భాగపు కొసన గ్లైసిన్, గ్లైసిన్, గ్లుటమిన్ వరసగా ఉంటాయి. గొలుసును తెంపే నీటి అణువుకు దారి చూపేది ఆ మూడే. గ్లైసిన్లు రెండింటినీ అలనిన్లుగా మార్చారు. దాంతో ప్రోటీన్ సంకేతాన్ని గుర్తుపట్టి వచ్చి కూర్చుంది గానీ తెంపలేకపోయింది. రైబోజోము అలా నిలిచిపోయిన స్థితిని అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చిత్రించారు. మూడక్షరాలు పట్టే చోట నాలుగు ఇరుక్కుని ఉన్నాయి. సంకేతాలను మోసే ఎంఆర్‌ఎన్‌ఏ ముడుచుకుని తర్వాతి అక్షరాన్ని కూడా లోపలికి లాక్కుంది. ఆ నాలుగో అక్షరాన్ని బట్టి ముగింపు పటిష్ఠంగానో బలహీనంగానో ఎందుకు ఉంటుందో ఆ చిత్రంతో అర్థమైంది. ఈ శాస్త్రంలో ఇంతకన్నా అందమైన బొమ్మలు తక్కువ.

ఈఆర్‌ఎఫ్‌1 ఒంటరిగా రాదు. జీటీపీని ఖర్చు చేసే ఈఆర్‌ఎఫ్‌3 దాన్ని వెంటబెట్టుకొస్తుంది. గొలుసు తెగాక ఏబీసీఈ1 అనే ప్రోటీన్ రైబోజోమును రెండుగా విడదీస్తుంది.

సంకేతమే తప్పితే? ఈఆర్‌ఎఫ్‌1 తన పని తాను నిక్కచ్చిగా చేస్తుంది, నష్టం అక్కడే. బీటా గ్లోబిన్ గొలుసుకు 146 అమైనో ఆమ్లాలుండాలి. పదిహేనో సంకేతం టీజీజీ (జన్యువులో యు బదులు టీ ఉంటుంది) కాస్తా టీఏజీ అయితే 14 దగ్గరే కథ ముగుస్తుంది. బీటా థలసీమియాకు మన దేశంలో కనిపించే కారణాల్లో ఇదొకటి. అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది మాత్రం వేరే మార్పు. జబ్బు తీవ్రరూపంలో ఉన్న పిల్లలకు రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. హైదరాబాదులో 1998 నుంచి థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఆ సేవలోనే ఉంది.

తిరగబడిన ఉదాహరణ హిమోగ్లోబిన్ కాన్‌స్టెంట్ స్ప్రింగ్. ఆల్ఫా గ్లోబిన్ ఆపు సంకేతం టీఏఏ చెడి సీఏఏ అవుతుంది. 141తో ఆగాల్సిన గొలుసు 172 దాకా సాగుతుంది.

చరిత్ర క్లుప్తంగా: 1965లో సిడ్నీ బ్రెన్నర్ తదితరులు ఆపు సంకేతాల్లో రెండింటిని గుర్తించారు, 1967లో మారియో కాపెకీ విడుదల చేసేది ప్రోటీనేనని చూపారు, 1994లో ఈఆర్‌ఎఫ్‌1 కుటుంబం బయటపడింది, 2000లో మనిషి ఈఆర్‌ఎఫ్‌1 స్ఫటిక నిర్మాణం వచ్చింది.

మందుల మాట

అకాల ఆపు సంకేతాన్ని రైబోజోము దాటేసేలా చేసేందుకు అటాలురెన్ అనే మందు తెచ్చారు. డుషేన్ కండరాల క్షీణతకు 2014లో ఐరోపా షరతులతో అనుమతించింది, 2025లో పునరుద్ధరించలేదు. జెంటామైసిన్‌కూ అలా దాటించే గుణం ఉంది, కానీ కిడ్నీలకు, చెవులకు హాని. ఇంకోవైపు ఈఆర్‌ఎఫ్‌3ను తయారుచేయించే జీఎస్‌పీటీ1 జన్యువు కాన్సర్ పరిశోధకుల దృష్టిలో పడింది. ఆ ప్రోటీన్‌ను కణం చేతే నాశనం చేయించే అణువు సీసీ-885 గురించి 2016లో వెల్లడైంది. అదే కోవకు చెందిన సీసీ-90009ను తీవ్రమైన మైలాయిడ్ లుకేమియా రోగుల్లో పరీక్షించారు.