గోపాల్‌పేట ఎందుకు దొరకడం లేదు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే రోజంతా కోడ్ రాయడమే అనుకుంటున్నారా? మీ రెండు రోజులు తినేయడానికి ఒక్క ఊరి పేరు చాలు!

క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారవుతున్నారా? అయితే మీ చేతిలో ఓ ప్రశ్నల చిట్టా ఉండే ఉంటుంది. స్ట్రింగ్‌ను తిరగేయండి, పాలిండ్రోమ్ అవునో కాదో చెప్పండి, డూప్లికేట్లు తీసేయండి... ఇవన్నీ బట్టీ పట్టి ఆఫర్ లెటర్ తెచ్చుకున్నాక మొదటి ఆరు నెలల్లో ఎదురయ్యే పని ఎలా ఉంటుందో మాత్రం ఆ చిట్టాలో ఉండదు. అందుకే ఒక ఉదాహరణ తీసుకుందాం.

మీరు ఒక చిన్న కంపెనీలో చేరారనుకోండి. వనపర్తి జిల్లాలో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాలకు యాప్ చేయడం మీ టీమ్ పని. రైతు వచ్చి ఊరి పేరు చెబితే దుకాణంలోని కుర్రాడు తెలుగులో టైప్ చేస్తాడు, ఆ ఊరి రైతుల ఖాతాలు తెరుచుకుంటాయి. ఇంతే. వనపర్తి వస్తోంది, పెబ్బేరు వస్తోంది. గోపాల్‌పేట మాత్రం రావడం లేదు. 'ఫలితాలు లేవు' అంటోంది. పల్లి విత్తనాలకు వచ్చిన పెద్దాయన కౌంటర్ ముందు నిలబడి, "గోపాల్‌పేటనే లేదంటవేంది బిడ్డా! మరి నేను ఏడికెళ్లి వచ్చిన?" అని అడుగుతున్నాడు. ఆయన వెనక ఇంకో పది మంది ఉన్నారు. దుకాణదారు మీ మేనేజర్‌కు ఫోన్ చేశాడు. మేనేజర్ మీ దగ్గరికొచ్చి, "చిన్న పనే, గంటలో అయిపోతుంది" అన్నాడు.

ఈ 'గంట పని' అనే మాటను గుర్తుపెట్టుకోండి. ఉద్యోగంలో చేరాక చాలాసార్లు వింటారు.

మీరు లిస్టు తెరిచారు. గోపాల్‌పేట ఉంది, కళ్లకు కనిపిస్తోంది. మీ ఫోన్‌లో టైప్ చేసి వెతికారు, రాలేదు. మీ సొంత టెస్ట్ డేటాలో వెతికారు, వచ్చింది! దాంతో ఎవరైనా అనే మాటే మీరూ అన్నారు: "నా సిస్టంలో పనిచేస్తోందండీ". ఇంటర్నెట్ నెమ్మదేమోనని చూశారు. క్యాష్ తుడిచారు. సర్వర్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశారు. సాయంత్రమైంది. మర్నాడు పొద్దున స్టాండప్ మీటింగ్‌లో "ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువ బెంగ పెట్టేది ఇదే. నిన్నంతా కష్టపడ్డారు, చూపించడానికి ఒక్క లైన్ కోడ్ కూడా లేదు. మీలాగే మీ సీనియర్లకూ ఇలాంటి రోజులుంటాయి. వాళ్లు దాన్ని నామోషీగా అనుకోరు, అంతే తేడా.

చివరికి దారి చూపించేది మీరు ఫస్టియర్‌లో నేర్చుకున్న ఒక సాదా ఫంక్షన్. పైథాన్‌లో లెన్. మీరు టైప్ చేసిన గోపాల్‌పేట పొడవు 10 అంది. లిస్టులో ఉన్న గోపాల్‌పేట పొడవు 11 అంది. రెండూ పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా ఉన్నాయి. మరి ఆ పదకొండోది ఏది?

కనిపించకుండా పనిచేసేది

గోపాల్‌పేటను పలికితే ఐదు ముక్కలు: గో, పా, ల్, పే, ట. కంప్యూటర్ మాత్రం గుణింతపు గుర్తులను, పొల్లును విడివిడిగా దాచుకుంటుంది. గ, ఓత్వం, ప, దీర్ఘం, ల, పొల్లు, ప, ఏత్వం, ట. ఇవి తొమ్మిది. పదోది మన కంటికి కనిపించదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. యూనికోడ్ పట్టికలో దాని నంబరు యూ ప్లస్ 200సి. వెడల్పు సున్నా. పని మాత్రం పెద్దదే. పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది, తెలుగు రాత పద్ధతి అది. ఈ గుర్తు తీసేస్తే మన ఊరు 'గోపాల్పేట' అయిపోతుంది. ల కింద ప ఒత్తు వచ్చి చేరుతుంది. అలా జరగకుండా "ఇక్కడ కలపొద్దు" అని చెప్పేదే ఆ కనిపించని గుర్తు.

వనపర్తికి ఈ గొడవ లేదు. అందులోని 'ర్తి' నిజంగానే ఒత్తు. అందుకే వనపర్తి మొదటిసారే దొరికింది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ మాత్రం గోపాల్‌పేట బాటలోనివే. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో కూడా ట్ తర్వాత ఇది దాక్కుని ఉంది.

మరి లిస్టులో 11 ఎలా వచ్చాయి? పేరు టైప్ చేసినవాళ్లు ఆ మీట నొక్కారు. స్క్రీన్ మీద ఏమీ కనిపించలేదు. పడలేదేమోనని ఇంకోసారి నొక్కారు. రెండు పడ్డాయి. ఎవరైనా చేసే పనే అది. మీ టెస్ట్ డేటాలో పేరు మీరే టైప్ చేసుకున్నారు కాబట్టి అక్కడ ఒక్కటే ఉంది, వెతికితే దొరికింది. "నా సిస్టంలో పనిచేస్తోంది" అనే మాట వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే: పరీక్షపెట్టింది మీరే, జవాబు రాసిందీ మీరే.

ఇంకో రకం కూడా ఉంది. కొన్ని టైపింగ్ పద్ధతుల్లో మాట చివరి పొల్లు తర్వాత కూడా ఈ గుర్తు వచ్చి కూర్చుంటుంది. 'హైదరాబాద్' చివర అది ఉన్నా లేకపోయినా చూడ్డానికి ఒకటే. పోల్చినప్పుడు మాత్రం రెండూ వేరు. స్ట్రిప్ ఫంక్షన్ వాడితే పోతుందనుకుంటారు. పోదు. దాని లెక్కలో ఇది ఖాళీ కాదు. యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా పోదు.

పరిష్కారం ఒక్క లైన్. పోల్చే ముందు రెండు వైపులా ఆ గుర్తును తీసేయడమే. ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. డేటాబేస్‌లో అసలు పేరులోంచే తీసేస్తే రసీదుల మీద 'గోపాల్పేట' అని అచ్చవుతుంది. చూపించడానికి ఒక కాలమ్, వెతకడానికి ఇంకో కాలమ్ పెట్టుకోవాలి. రెండు రోజుల పని, ఒక్క లైన్ మార్పు. రాసిన లైన్లను బట్టి మీ పనిని కొలిచే మేనేజర్ దొరికితే కష్టమే. అలాంటివాళ్లూ ఉన్నారు.

ఇదే గుర్తు, ప్రపంచమంతా

ఇదేదో మన పల్లెటూరి సమస్య అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను తెలుగు 'జ్ఞా' వణికించింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లో ఒక మెసేజ్ వస్తే యాప్ మూతపడేది, మళ్లీ తెరిచినా మూతపడేది. మామూలు 'జ్ఞానం' అని రాస్తే ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, ఇదే జీరో విడ్త్ నాన్ జాయినర్ వచ్చి పడితేనే గొడవ. ఆ వరుసలో దాన్ని ఎలా గీయాలో తెలియక యాపిల్ కోడ్ కుప్పకూలింది. అదే నెల 19న 11.2.6 విడుదల చేసి సరిచేశారు. అంత పెద్ద కంపెనీలో, అన్ని పరీక్షలు దాటి వచ్చిన కోడ్‌లో మన గోపాల్‌పేట గుర్తే బయటపెట్టిన లోపం అది.

వికటకవి ఫెయిల్!

ఇప్పుడు మీ ఇంటర్వ్యూ చిట్టాకు వద్దాం. పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ మీకు వచ్చు. దానికి 'వికటకవి' ఇచ్చి చూడండి. తెనాలి రామకృష్ణుడి కథ విన్న పిల్లలకైనా తెలుసు, అది ఎటునుంచి చదివినా ఒకటేనని. మీ ప్రోగ్రామ్ 'కాదు' అంటుంది. ఎందుకంటే వి అనేది దానికి రెండు ముక్కలు: వ, గుడి. తిరగేస్తే గుడి ముందుకొచ్చి, వ వెనక్కి పోతుంది. 'జలజ' ఇస్తే పాసవుతుంది, 'నటన' ఇచ్చినా అంతే. గుణింతం లేని మాటలు కదా!

పేర్ల విషయంలోనూ ఇదే తంతు. ఫారంలో 'పేరులో అక్షరాలే ఉండాలి' అని పైథాన్‌లోని ఈజ్‌ఆల్ఫా పెట్టారనుకోండి. 'కమల' పాసవుతుంది. 'రాము' ఫెయిలవుతాడు, దీర్ఘమూ కొమ్మూ ఆ ఫంక్షన్ లెక్కలో అక్షరాలు కావు. 'పద్మ' కూడా ఫెయిలే, పొల్లు వల్ల. 'కమల' ఒక్కదానితో టెస్ట్ చేసి, పనిచేస్తోందని చెప్పి ఇంటికెళ్లిపోతే మర్నాడు రాములంతా క్యూలో ఉంటారు.

దీనికి మందు ఉంది. అక్షరాన్ని కంప్యూటర్ ముక్కలుగా కాకుండా మనం చూసే అక్షరంగా విడగొట్టాలి. దీన్ని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. జావాస్క్రిప్ట్‌లో ఇంటెల్ సెగ్మెంటర్, పైథాన్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రీజెక్స్ మాడ్యూల్ ఈ పని చేస్తాయి. (ఆ 'ఇంటెల్' చిప్‌ల కంపెనీ కాదు, ఇంటర్నేషనల్‌కు పొట్టిపేరు!) ఇక 'పద్మ' రెండు అక్షరాలా మూడా అంటే పాత లెక్కలో మూడు: ప, ద్, మ. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఒత్తులను కలిపి చూడమంది, దాంతో రెండయ్యాయి. తెలుగు బ్లాకు 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే ఉంది. అక్షరం అంటే ఏమిటన్న లెక్క మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా సవరిస్తున్నారు. ఇంటర్వ్యూలో స్ట్రింగ్ తిరగేయమన్నప్పుడు "ఇంగ్లిష్ ఒక్కటేనా, తెలుగు కూడా రావాలా?" అని ఒక ప్రశ్న వేసి చూడండి. అడిగేవాళ్లు కాస్త ముందుకు వంగి కూర్చుంటారు.

ఊరు ఒకటే, జిల్లా రెండు

అక్షరాలతో అయిపోయిందనుకుంటే పొరపాటు. నిజాం కాలంలో గోపాల్‌పేట ఒక సంస్థానం. తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో మండలం. 2016 అక్టోబర్ 11 నుంచి వనపర్తి జిల్లాలో మండలం. ఇది చదువుతున్న పాలమూరు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, కులం సర్టిఫికెట్‌లో ఇంకో జిల్లా ఉండి ఆన్‌లైన్ అప్లికేషన్ ముందు తల పట్టుకున్నవాళ్లు మీలో ఎంతమందో. రేపు అదే ఫారం మీరే తయారు చేస్తారు. పాత రికార్డులో 'మహబూబ్‌నగర్' అని ఉంటే అది తప్పు కాదు, ఆ రోజుకు అదే నిజం. దాన్ని 'సరిచేసి' వనపర్తి అని మార్చే కోడ్ రాస్తే, కాగితం మీదున్నదీ కంప్యూటర్‌లో ఉన్నదీ కలవక ఒక విద్యార్థి సీటు ఆగిపోవచ్చు. జిల్లాతో పాటు 'ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు' అనే రెండు తేదీలు పెట్టుకుంటే చాలు.

పైగా గోపాల్‌పేట పేరుతో తెలంగాణలో ఒకటికి మించి ఊళ్లున్నాయి. ఇంగ్లిష్‌లో రాస్తే చివర్లో 'ఎ' ఉన్నదొకటి, లేనిదొకటి, మధ్యలో ఖాళీ వదిలినదొకటి. అందుకే అనుభవం ఉన్న డెవలపర్ ఊరిని పేరుతో గుర్తుపట్టడు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊరికో కోడ్ ఉంటుంది, దాన్ని పట్టుకుంటాడు. పేరు మనుషులు చదువుకోవడానికి.

చిల్లర చికాకులు ఇంకా బోలెడు. తెలుగు సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే కొన్నిసార్లు గీతలు, సున్నాలు తగిలించుకున్న ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8గా చదవలేదంతే. డీటీపీ సెంటర్ నుంచి అనూ ఫాంట్లలో వచ్చిన లిస్టయితే అసలు యూనికోడే కాదు, ముందు మార్చుకోవాలి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్ ఒకటి 160 అక్షరాలు, తెలుగుదైతే 70. అందులో గోపాల్‌పేట ఒక్కటే పది తింటుంది. 70 దాటితే రెండు మెసేజ్‌ల బిల్లు, వేలమంది రైతులకు పంపితే మీ కంపెనీ ఖర్చు రెట్టింపు. ఇక జూన్ 15 అర్ధరాత్రి అని మీరు దాచిన పుట్టినరోజు, సర్వర్ గడియారం గ్రీనిచ్ లెక్కలో ఉంటే జూన్ 14 సాయంత్రం ఆరున్నర అవుతుంది. పుట్టిన తేదీకి టైమ్ తగిలించకండి, తేదీగానే దాచండి.

ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు ఈ రాత్రే ఒక పని చేయొచ్చు. మీ ప్రాజెక్టులో పేరు నింపే చోట, వెతికే చోట 'కమల' బదులు ఇవి పెట్టి చూడండి: రాము, పద్మ, జ్ఞానేశ్వరి, వికటకవి, గోపాల్‌పేట, చివర కనిపించని గుర్తుతో ఒక హైదరాబాద్. వీటిలో ఏవి ఆగిపోయాయో, ఎందుకు ఆగాయో, ఏం మార్చారో ఒక కాగితం మీద రాసుకోండి. 'మీ ప్రాజెక్టులో ఎదురైన కష్టమేమిటి?' అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చెప్పడానికి ఆ కాగితం సరిపోతుంది.