దుమ్మును చదివే లేజర్

మే నెల మధ్యాహ్నం అనంతపురం రోడ్ల మీద కళ్లల్లో పడే దుమ్ము మీకు కొత్తేం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే నేల మనది. పైరు లేని నెలల్లో చేలో మట్టి గాలికి లేస్తుంది. అది ఎంత ఎత్తుకు పోతోంది, ఎటు కదులుతోంది? ఇది కొలవడమే ఉద్యోగంగా చేసేవాళ్లున్నారు. ఫిజిక్సో ఈసీఈనో చదివి, సాఫ్ట్‌వేర్ తప్ప దారి లేదనుకుంటున్నారా? ఓసారి ఇటు చూడండి.

వాళ్ల పరికరం లైడార్. రాడార్‌కి తమ్ముడనుకోండి, రేడియో తరంగాల బదులు లేజర్ వాడుతుంది. పైకి వదిలిన కాంతిలో అతి కొద్ది భాగం గాల్లోని దుమ్ము, పొగ రేణువులకు తగిలి వెనక్కొస్తుంది. ఏరోసాల్స్ అంటే ఈ రేణువులే. 10 మైక్రోసెకన్లలో తిరిగొచ్చిందంటే రేణువు 1.5 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నట్టు. ఇంటర్ లెక్కే!

మరి కదలిక? రేణువులు గాలితోపాటే కొట్టుకుపోతాయి కాబట్టి తిరిగొచ్చే కాంతి ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది. 1.55 మైక్రాన్ల లేజర్‌లో, కిరణం దిశలో సెకనుకు ఒక మీటరు వేగానికి మార్పు దాదాపు 1.3 మెగాహెర్ట్జ్. రామగిరి కొండల మీద గాలిమరలు చూశారుగా, అలాంటివి పెట్టేముందు గాలి వేగం కొలవడానికి చాలా దేశాల్లో డాప్లర్ లైడార్లు వాడుతున్నారు.

అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ వర్సిటీ ఫిజిక్స్ విభాగం ఇస్రో ప్రాజెక్టు కింద ఏరోసాల్స్‌ని కొలుస్తూ వచ్చింది. అయితే నేల మీది ఏథలోమీటర్ లాంటివి ఉన్నచోటి గాలి సంగతే చెబుతాయి. ఏ ఎత్తులో ఎంత ఉందో తెలియాలంటే లైడారే దిక్కు. తిరుపతి దగ్గర గాదంకిలో, అంతరిక్ష శాఖకు చెందిన ఎన్‌ఏఆర్‌ఎల్‌లో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో పనిచేసే లైడార్‌ను జపాన్ సహకారంతో 1998లో పెట్టారు.

అసలు కష్టమంతా సిగ్నల్‌లోనే ఉంది. దూరం రెట్టింపైతే తిరిగొచ్చే కాంతి నాలుగోవంతుకు పడిపోతుంది. పైగా పగలు ఎండ నాయిస్. దాన్ని శుభ్రం చేయగలిగినవాళ్లే కావాలి, అంటే సిగ్నల్ ప్రాసెసింగ్, పైథాన్ వచ్చినవాళ్లు. పరికరం లేదని ఆగొద్దు. 2006 నుంచి 2023 దాకా తిరిగిన కాలిప్సో ఉపగ్రహంలో ఉన్నది లైడారే. ఆ డేటా నాసా ఉచితంగా ఇస్తోంది. రాయలసీమ మీదుగా వెళ్లిన ఒక రోజు డేటా తీసి గ్రాఫ్ గీయండి. ఫైనలియర్ ప్రాజెక్టుగా, కొనుక్కొచ్చే ప్రాజెక్టులకన్నా నూరు రెట్లు నయం.

పీజీ అయ్యాక నెట్ లేదా గేట్ స్కోరుతో జేఆర్‌ఎఫ్ ప్రకటనలు చూసుకోండి. సీట్లు తక్కువే, దాచేదేముంది. 2023లో కేంద్రం సవరించిన ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు.