పనిచోట నీడ, పసిబిడ్డకు ఉయ్యాల

వేసవికాలమున మన గ్రామములలో చెరువుల పూడికతీత, కాలువల మరమ్మతు, పొలములకు బాటలు వేయుట మొదలగు మట్టిపనులు ముమ్మరముగ సాగును. పైరులు ఇంటికి చేరి, చెరువులు ఎండిన పిదపనే ఈ పనులకు వీలు చిక్కును. కాని ఎండలు మిక్కుటముగ కాయు దినములును అవియే. పనికి వచ్చువారిలో స్త్రీలు పెక్కురుందురు. ఇంటివద్ద చూచువారు లేనందున కొందరు తల్లులు చంటిబిడ్డలను వెంట తెచ్చుకొనక తప్పదు. గట్టుమీద వేపయో చింతయో ఉన్నచో తల్లి పాత చీరను కొమ్మకు కట్టి, ఉయ్యాలలో బిడ్డను పరుండబెట్టి పనిలోనికి దిగును. చెట్టు లేని చోట ఆమె ఏమి చేయవలెను?

కొంతకాలము క్రిందట మేమొక చెరువుపనిని చూడబోయితిమి. ఆ చుట్టుపట్ల చెట్టు లేదు. నాలుగు వెదురుగడలపై టార్పాలిను కట్టి వేసిన పందిరి ముందునాటి సాయంకాలపు గాలికి లేచిపోయి, ముండ్లకంపపై చిరిగి పడియున్నది. మట్టి ఎత్తుటకై నిలిపిన ట్రాక్టరు తొట్టి క్రింది నీడలో ఒక తల్లి తన బిడ్డను పరుండబెట్టియున్నది. ట్రాక్టరు నడుపువాడు బండి కదల్చుటకు ముందు ప్రతిసారి దిగి, వంగి చూచుచుండెను గనుక కీడు జరుగలేదు. అతడు ఒక్కమారు మరచినచో ఏమగునో చెప్పనక్కరలేదు. పని మంజూరైనది, కూలి లెక్కలు సరిగనే యున్నవి, పలుగులు, తట్టలు వచ్చినవి. నీడ మాత్రము రాలేదు.

ఇది చిన్న లోపము కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి 2,000 మందికి పైగా మృతిచెందిరి. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టపు రెండవ షెడ్యూలునందు పనిచోట మంచినీరు, పిల్లలకును విశ్రాంతివేళలకును నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెనని నిర్దేశించిరి. ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకుమించి గాని వచ్చినచో, వారిని చూచుటకు ఆ స్త్రీలలో ఒకరిని నియమించి కూలి ఇవ్వవలెననియు అందు చెప్పిరి. చట్టముల పేర్లు, పథకముల పేర్లు కాలానుగుణముగ మారవచ్చును. బిడ్డకు తగులు ఎండ మారదు. కావున విడదీసి మరల కూర్చుకొనగల ఇనుప చట్రముతో నీడను, ఉయ్యాలను పనిచోటికే తీసికొనిపోవు విధానమును ఇచట వివరించుచున్నాము.

అంకణముల లెక్క

మన పెద్దలు ఇంటిని అంకణములతో లెక్కించెడివారు. ఈ చట్రమును అట్లే అంకణములుగ భావించవలెను. ఒక అంకణమునకు నాలుగు గుంజలు, పైన నాలుగు దూలములు, ఉయ్యాలకు నడిదూలమొకటి, గుంజకు రెండు వంతున ఎనిమిది ఊతలు కావలెను. మరియొక అంకణము చేర్చవలసినచో నాలుగు గుంజలకు మారు రెండే చాలును. తక్కిన రెండు మొదటి అంకణమువియే పనికివచ్చును. పనివారు తక్కువగనున్న చోట ఒకటి, ఎక్కువగనున్న చోట మూడు నాలుగు అంకణములు వరుసగ నిలుపవచ్చును. ముక్కలన్నియు ఒకే కొలతతో ఉండుటచే ఏ ముక్కయైనను దాని జాతిలో ఎచటనైనను ఇముడును.

తాపీపనులకు సెంట్రింగు సామాను అద్దెకిచ్చు దుకాణములలో వాడు గొట్టములు, క్లాంపులే దీనికి తగినవి. 40 మిల్లీమీటర్ల సైజు గొట్టమని అమ్మెడు దాని వెలుపలి వ్యాసము 48 మిల్లీమీటర్లకు కొంచెము పైగా ఉండును. క్లాంపులు ఆ కొలతకే చేయబడును. గొట్టముపై వేసిన రంగుపట్టీని చూచి కొనవలెను. పసుపు పట్టీ పలుచని రకము, నీలము మధ్యరకము, ఎరుపు మందపు రకము. ఈ పనికి నీలపు పట్టీ రకము చాలును. త్రుప్పు పట్టకుండుటకు జింకు పూత పూసిన గొట్టమే కొనవలెను.

గొట్టము ఆరు మీటర్ల పొడవున వచ్చును. ఒక అంకణమునకు ఆరు గొట్టములను ఈ రీతిగ కోయించినచో వృథా స్వల్పము. మొదటి రెంటిలో ఒక్కొక్కదాని నుండి 2.4 మీటర్ల గుంజలు రెండు, 1.2 మీటర్ల ఊత ఒకటి వచ్చును. మూడవదాని నుండియు నాలుగవదాని నుండియు మూడు మీటర్ల దూలములు రెండేసి వచ్చును. ఐదవదానిని నడిదూలముగను రెండు ఊతలుగను కోయగా 60 సెంటీమీటర్ల ముక్క మిగులును. అది గూటమునకు పనికివచ్చును. ఆరవదాని నుండి ఐదు ఊతలు వచ్చును. ఈ విధముగ ఎనిమిది ఊతలు సమకూరి, మారుకు ఒక ముక్క నిలువయుండును. లంబముగ పట్టు క్లాంపులు 10, ఏ కోణమునకైనను తిరుగు క్లాంపులు 16 కావలెను. అంకణపు గొట్టముల బరువు సుమారు 120 కిలోలు. ఇది ట్రాలీలో ఒక మూలకు సరిపోవు బరువు. ఏ ముక్కయు ఇద్దరు మోయలేనిది కాదు.

ఊతలను అనవసరమని మానివేయరాదు. నాలుగు కర్రలతో కట్టిన చతురము త్రోసినంతనే ఒరిగిపోవును. మూల కొక ఊత వేసి త్రికోణము కల్పించినచో ఒరుగదు. ఎండ్ల బండికి, ఇంటి పైకప్పుకు వడ్రంగులు వేయు ఏటవాలు కర్రల మర్మమిదియే. నడిదూలమును ప్రక్క దూలములపైన కూర్చవలెనే గాని క్రింద వ్రేలాడదీయరాదు. అప్పుడు క్లాంపు వదులైనను బరువు క్రిందికి జారదు. చెరువునేల మెత్తన గనుక ప్రతి గుంజ క్రిందను ఒక పలకను గాని చదునైన బండను గాని ఉంచవలెను.

నీడ ఎటు పోవును?

మే నెలలో మన ప్రాంతమున సూర్యుడు మధ్యాహ్నవేళ దాదాపు నడినెత్తిన ఉండును. అప్పుడు నీడ చట్రము క్రిందనే పడును. మూడు గంటలకు సూర్యుడు పడమటికి వాలును, 2.4 మీటర్ల ఎత్తున కట్టిన పరదా నీడ రెండు మీటర్లకు పైగా తూర్పునకు జరిగిపోవును. పండ్రెండు గంటలకు నీడలో ఉన్న ఉయ్యాల మూడు గంటలకు ఎండలోనుండుట ఇందువలననే. కావున పడమటి ప్రక్క గుంజల నడుమ మరియొక పరదాను నిలువుగ కట్టవలెను. ఉదయపు పని వేళలలో దానినే తూర్పు ప్రక్కకు మార్చుకొనవచ్చును.

పరదాకు టార్పాలినుకంటె నారుమడులపై కట్టు ఆకుపచ్చని వలగుడ్డ మేలు. 75 శాతపు వలయనగా వెలుతురులో ముప్పాతిక పాలు అడ్డగించునది. టార్పాలిను ఎండకు కాగి ఆ సెగను క్రిందికి విడుచును, వేడిగాలిని పోనీయదు. వలలోనుండి గాలి ఆడును. జానెడు ఎడముతో రెండు వలలు ఒకదానిపై నొకటి కట్టినచో సెగ మరింత తగ్గును. తాటాకులు, కొబ్బరిమట్టలు దొరకు ఊళ్లలో వానిని పరచినను మంచిదే. మన చలువపందిళ్ల చలువకు ఆకుల మందము, నడుమ ఆడు గాలియే కారణములు. అయితే నీడ ఎండను ఆపునే గాని గాలి వేడిని తగ్గింపదని మరువరాదు. నీడ ఉన్న చోటనే నీటికుండయు ఉండవలెను.

ఉయ్యాల

చీర ఉయ్యాల బరువు నిట్టనిలువుగ నడిదూలముపై పడును. పసిబిడ్డ బరువు ఈ గొట్టమునకు లెక్కలోనిది కాదు. అయినను బిడ్డను పరుండబెట్టుటకు ముందు 50 కిలోల ధాన్యపు బస్తాను వ్రేలాడదీసి ఊపి చూడవలెను. ఊగునప్పుడు బరువు నిలకడ బరువుకంటె పెరుగును; చాల ఎత్తుగ ఊపినచో రెండింతలు కూడ కావచ్చును. చీరను దూలమునకు నేరుగ కట్టక, మోకుచుట్ట వేసి దానికి కట్టిన ఒరపిడికి తెగదు. క్లాంపు బోల్టుల దగ్గర కట్టనే కట్టరాదు.

చీర ముడుచుకొని బిడ్డ గడ్డము రొమ్మునకు ఆనినచో ఊపిరికి ఇబ్బంది కలుగును. కావున రెండు కొసలయందును అడ్డుకర్రలు పెట్టి చీరను విప్పార్చి, బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలెను. ఈగలు వాలునని ఉయ్యాలను అన్ని ప్రక్కల కప్పివేయుట ప్రమాదము; లోపలి వేడి పోవు దారి ఉండదు. ఉయ్యాల అడుగు నేలకు మోకాలి ఎత్తును మించరాదు. త్రాటి కొసలు బిడ్డకు అందరాదు. ఎన్ని చేసినను చూచు మనిషి లేని ఉయ్యాల ఉయ్యాల కాదు.

పెద్దలు పరుండు వల ఉయ్యాల వేరు. దాని రెండు కొసలను రెండు గుంజలకు కట్టుదురు గనుక గుంజలు లోపలికి లాగబడును. త్రాడు అడ్డముగ మీటరుకు 58 సెంటీమీటర్లు దిగునట్లు వదులుగ కట్టినచో, 70 కిలోల మనిషికి ఒక్కొక్క కొసపై లాగుడు 70 కిలోలు. అదే త్రాడు మీటరుకు 18 సెంటీమీటర్లే దిగునట్లు బిగించినచో, లాగుడు సుమారు 200 కిలోలగును. బిగువుగ కట్టినది గట్టిగనుండునని తలచుట పొరపాటు. అట్టి ఉయ్యాల కట్టదలచినచో వదులుగ కట్టి, గుంజల అడుగులను గూటములకు బంధించి, ఒక్కరిని మాత్రమే పరుండనీయవలెను.

గాలి శత్రువు

వేసవి సాయంకాలములలో హఠాత్తుగ లేచు గాలివానయే పందిళ్లకు ముప్పు. గాలి వేగము రెండింతలైనచో దాని త్రోపు నాలుగింతలగును. గంటకు 36 కిలోమీటర్ల వేగపు గాలి తనకెదురుగ నిలిచిన 9 చదరపు మీటర్ల నిండు గుడ్డను సుమారు 55 కిలోల బలముతో త్రోయును. 72 కిలోమీటర్ల గాలి సుమారు 220 కిలోల బలముతో త్రోయును. ఇది మన చట్రపు బరువుకంటె ఎక్కువ. మేము చూచిన పందిరి ఎట్లు లేచిపోయెనో ఇందువలన తెలియును.

కావున ప్రతి గుంజ తలనుండియు ఒక మోకును ఏటవాలుగ వెలుపలికి లాగి గూటమునకు కట్టవలెను. గూటమును మోకు లాగుడుకు ఎదురుగ వంచి, లోతుగ దిగగొట్టవలెను. మెత్తని నేలలో గూటమునకు తోడు మట్టిబస్తాలను ఉంచవలెను. పరదాను సులభముగ ఊడు జారుముడితో కట్టి, మబ్బు పట్టినంతనే దింపివేయవలెను. పరదా లేని చట్రమును గాలి ఏమియు చేయజాలదు. సాయంకాలము పని ముగిసిన పిదప పరదాను చట్రముపై విడిచిపోరాదు.

మరి రెండు హెచ్చరికలు. ఉరుములు, మెరుపులు మొదలైనచో ఈ చట్రము క్రింద ఎవ్వరును నిలువరాదు, ఇది ఇనుము. విద్యుత్తు తీగల క్రిందగాని, వానికి 10 మీటర్ల లోపల గాని చట్రమును నిలుపరాదు. పొడవైన గొట్టమును నిలువుగ ఎత్తి మోసికొనిపోవుట ప్రాణాంతకము. అడ్డముగ, ఇరుకొసల ఇద్దరు పట్టి మోయవలెను.

పంచాయతీ చేయవలసినది

ఇనుప చట్రమునకు వెదురుపందిరికంటె మొదట ఖర్చు అధికము. కాని వెదురు చెదకును వానకును లోబడి ఏటేట మార్చవలసివచ్చును; చట్రము ఏండ్ల తరబడి నిలుచును. అది ఏడాదిలో మూడునెలలే పనిచోట ఉండును. తక్కిన కాలములో చలివేంద్రమునకు, గ్రామసభకు, టీకాల శిబిరమునకు, సంతకు వచ్చువారికి నీడగ ఉపయోగపడును. పెండ్లిండ్లకు అడుగువారుందురు, అద్దె ఎంతయో, ధరావతు ఎంతయో ముందుగనే తీర్మానించి వ్రాసికొనవలెను. పనిదినములలో మాత్రము పనిచోటికే మొదటి హక్కని ఆ తీర్మానమునందే చేర్చవలెను.

గుంజలకు ఒక రంగు, దూలములకు మరియొక రంగు, ఊతలకు ఇంకొక రంగు పూసినచో కూర్చువారికి తడబాటు ఉండదు. ముక్కల సంఖ్యను రిజిస్టరులో వ్రాసి, వెళ్లునప్పుడును వచ్చునప్పుడును లెక్కించవలెను. క్లాంపు ఒకటి పోయినను ఒక మూల బలహీనపడును. బోల్టులకు ఏటికి రెండుమార్లు నూనె పెట్టి, పానాను క్లాంపుల సంచిలోనే ఉంచవలెను. ఊరిలో నలుగురు యువకులకు చట్రము కూర్చుట నేర్పి, వారి పేర్లను కూడ రిజిస్టరులో ఎక్కించుట మంచిది.

చెట్టు నీడకు ఏ చట్రమును సాటిరాదు. చెరువుగట్టున, బాటల ప్రక్కన మొక్కలు నాటుట మానరాదు. కాని నేడు నాటిన వేపమొక్క నీడనిచ్చుటకు ఏండ్లు పట్టును. నేడు పనికి వచ్చిన బిడ్డ అంతవరకు వేచియుండలేదు. రాబోవు వేసవికి పనుల జాబితా తయారుచేయు సమావేశములోనే సభ్యులు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ పనిచోట బిడ్డ ఎక్కడ పరుండును? దానికి సమాధానము వ్రాయకుండ ఆ పనిని ప్రారంభింపరాదని మా మనవి.