వీధిలోని వింత

నగరములో నివసించువాని చూపునకు రెండు ప్రమాదములు కలవు. కొత్తగా వచ్చిన దినములలో ప్రతి వస్తువును వానికి వింతయే. కొంతకాలము గడచిన పిమ్మట ఏదియు వింత కాదు. మొదటి స్థితిలో కన్ను అన్నిటిని చూచి బెదరునే గాని దేనివద్దను నిలువదు. రెండవ స్థితిలో పాదములే త్రోవ నెరిగియుండుటచేత కంటితో పనియే లేకపోవును. ఈ రెంటికిని నడుమ మూడవ స్థితి యొకటి కలదు. నగరమునకు అలవాటుపడియు దానిని చూచుట మానని స్థితి అది. వీధులను గూర్చిన మంచి రచనలు ఆ స్థితినుండియే పుట్టుచున్నవి. అట్టి రచనలో వింత చేయు పని యేమి, దానిని చూచువాని బాధ్యత యేమి అనునవి ఇచట విచారింపదగిన విషయములు.

వింత యనగా నేమి? ఉండవలసినచోట లేనిదియు, ఉండదనుకొన్నచోట ఉన్నదియు మనకు వింతగా తోచును. దీనికి ముంబయి నగరమున చక్కని ఉదాహరణము కలదు. ఆ నగరపు దక్షిణభాగమున కాలాఘోడా అను పేట యున్నది. ఆ మాటకు నల్లగుఱ్ఱమని యర్థము. యువరాజుగా నున్న కాలమునాటి ఏడవ ఎడ్వర్డు గుఱ్ఱమునెక్కియున్న కంచువిగ్రహము 1879లో అచట నిలుపబడినది. 1965లో దానిని తొలగించి బైకుల్లా ప్రాంతమున జంతుప్రదర్శనశాల యున్న తోటకు తరలించిరి. గుఱ్ఱము పోయినను పేరు పోలేదు. అటుపిమ్మట అర్ధశతాబ్దము పాటు, కంటికి కనబడని గుఱ్ఱమును గురుతుగా చెప్పి జనులు టాక్సీలెక్కుచునే యుండిరి. 2017లో అచట మరియొక నల్లగుఱ్ఱమును నిలిపిరి. దానిపై రౌతు లేడు.

పరదేశి యెవడైనను ఈ రౌతులేని గుఱ్ఱమును చూచి నవ్వవచ్చును. కాని ఆ పేట పేరును మరల నొకసారి విన్నచో నవ్వు ఆగిపోవును. ప్రజలు పెట్టిన పేరులో రాజు మొదటినుండియు లేడు. వారు చూచినది గుఱ్ఱమును మాత్రమే. కొత్త విగ్రహము రాజు ననుసరించినది కాదు, పేరు ననుసరించినది. హైదరాబాదులోని లక్డీకాపూల్ కూడ ఇట్టిదే. పేరులో కట్టెవంతెన యున్నది, దారిలో కట్టెవంతెన కనబడదు. అచట బస్సు దిగువారిలో నెవరును దానికై వెదకరు. క్రొత్తవాడు మాత్రమే ఒక క్షణము తల యెత్తి చూచును. కావున వింత వస్తువులో లేదు. దానిని చూచువానికిని ఆ చోట నివసించువానికిని నడుమ నున్న ఎడములో నున్నది.

ఈ మాటను మరియొక దృశ్యముతో పరిశీలింతము. ముంబయిలో మధ్యాహ్నమునకు ముందు, పొడవైన కొయ్యపళ్లెమునందు పదులకొలది డబ్బాలు పేర్చి తలకెత్తుకొని తెల్లటోపీవాడొకడు రైల్వేస్టేషనునుండి పరుగున వచ్చుచుండును. డబ్బాల మూతలపై రంగులతో అక్షరములును అంకెలును వ్రాసియుండును. ఏ చిరునామాయు పూర్తిగా నుండదు. చూచువానికి అది గారడీవలె తోచును. ఆ నగరము సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన సన్నని నేల. కచేరీలు చాల కాలము దక్షిణపు కొననే యుండెను. నివాసములు ఉత్తరమునకు వ్యాపించెను. ఉదయపు రైలులో మనిషికే చోటు దొరకనప్పుడు అన్నపుడబ్బాకు చోటెక్కడ? ఇంటివంట విడువలేని ఉద్యోగికై 1890 ప్రాంతమున ఆరంభమైన యేర్పాటది. డబ్బా బయలుదేరిన పేట, రైలు దిగవలసిన స్టేషను, చేరవలసిన కట్టడము, అంతస్తు, వీని నన్నిటిని ఆ గురుతులు తెలుపును. చదువు అంతగా లేనివారికి సులువుగా నుండుటకే అవి పుట్టినవి. మనకు అర్థముకాని ఆ రాత మోయువానికి తేటతెల్లము. ఆ మూత ముందు చదువరాని వారము మనమే.

ఇట్టి ఎడమును సాహిత్యమున పట్టిచూపినవారు పలువురు కలరు. ఇంగ్లండులో 1711లో అడిసన్, స్టీల్ అను రచయితలు స్పెక్టేటర్ పత్రికను ఆరంభించి, లండను కాఫీశాలలలో కూర్చుండి మాటలాడక అందరిని గమనించు ఒక కల్పితపురుషుని సృష్టించిరి. తెలుగున పానుగంటి లక్ష్మీనరసింహారావు తన సాక్షి వ్యాసములకు ఆ పత్రికనే ఒరవడిగా గ్రహించెను. జంఘాలశాస్త్రి మొదలగువారితో గూడిన సాక్షిసంఘము మన ఆచారములను, ఆడంబరములను నిలదీసి నవ్వించినది. డికెన్స్ 1836లో ప్రకటించిన స్కెచెస్ బై బాజ్ అను గ్రంథము వేరొక త్రోవ తొక్కినది. అందొకచోట రచయిత పాతబట్టల దుకాణము ముందు నిలిచి, వ్రేలాడుచున్న దుస్తులను చూచి, వానిని తొడిగి విడిచినవాని బ్రతుకును బాల్యమునుండి ఊహించుచు పోవును. అచట వస్తువు వింతగా నిలిచిపోలేదు. మనుష్యునివద్దకు చేర్చినది.

మనదేశమున కలకత్తా నగరముపై 1862లో వెలువడిన హుతోం ప్యాంచార్ నక్షా ఈ కోవలో ముఖ్యమైనది. గుడ్లగూబ గీసిన చిత్రములని దాని భావము. కాళీప్రసన్న సింహుడు అందు చడకపూజ సందడిని, బాబుల విలాసములను, నగరమున పుట్టి గిట్టు పుకార్లను వర్ణించెను. పండితులచేత మహాభారతమును బెంగాలీ వచనములోనికి అనువదింపజేసిన వాడును ఈతడే. ఆ మహత్కార్యమునకు సంస్కృతభూయిష్ఠమైన భాషను వాడిన వ్యక్తి, వీధిని వ్రాయవలసి వచ్చినప్పుడు వీధివారి నోటిమాటనే వాడెను. ఇది కేవలము భాషావివాదమునకు సంబంధించిన విషయము కాదు. దూరమునుండి చూచిన దానిని ఎత్తైన భాషలో చెప్పవచ్చును. దగ్గరనుండి చూచినదానిని చెప్పునప్పుడు, ఆ చోట నున్నవారి మాట చెవిని పడకమానదు.

ఇచటనే ఈ రచనలోని చిక్కును గుర్తింపవలెను. వీధివింతలు చాలవరకు బీదవారి బ్రతుకులోనివి. ఫుట్‌పాత్‌పై క్షౌరము, గోడవారను వంట, చెట్టుకొమ్మకు కట్టిన ఊయల అను వీనిని చూచి నవ్వుకొనుట సులభము. ధనవంతుని అలవాట్లకు ఎత్తైన గోడలు చాటుగా నున్నవి. చాటులేనివాని బ్రతుకే మన వినోదమగుచున్నది. బాబును పరిహసించిన కలము కూలివానిని అదే తీరున పరిహసించినచో అది హాస్యము కాదు, నిర్దయ.

ఈ చిక్కును మన కాలమున చక్కగా దాటినవాడు అరుణ్ కొలట్కర్. మరాఠీ కవితాసంపుటి భిజకీ వహీకి 2005 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన కవి యీతడు. ఇంగ్లీషున కూడ వ్రాసెను. కాలాఘోడాలోని వేసైడ్ ఇన్ అను హోటలులో కూర్చుండి ఎదుటి కూడలిని ఏండ్లతరబడి చూచుచుండెను. ఆ చూపునకు ఫలితమైన కాలాఘోడా పొయెమ్స్ 2004లో వెలువడినది. ఆ ఏటనే ఆయన మరణించెను. అందలి పాత్రలు వీధికుక్క, చెత్త యూడ్చు స్త్రీ, ఇడ్లీలమ్ము స్త్రీ, ఆ ఇడ్లీలకై చేరు నిరాశ్రయులు. వీధికుక్క యొడలి మచ్చలలో ఏడు దీవుల పాత ముంబయి పటము కనబడును. ఆ కవితలో మాట్లాడునది కుక్కయే. తెల్లవారుజామున కూడలి తనదని అది తలంచును. ఆ వేళకు అది నిజము కూడ. మనకు వింతయైన ఆ ఫలాహారపుగుంపు అచటివారికి ప్రొద్దుటి యాకలి మాత్రమే.

మన తెలుగువారికి సంబంధించిన విషయ మొకటి కూడ ఆ నగరముననే యున్నది. కామాఠీపుర అను పేరు వినినంతనే పలువురు ముసిముసినవ్వులు నవ్వుదురు, లేదా మొగము చిట్లింతురు. ఆ పేట అపకీర్తియే వారి చెవిని పడినది. కాని పేరులోని కామాఠీలు నిజాము రాజ్యమునుండి వలసపోయిన తెలుగు కూలీలు. రాళ్లుమోసి, సున్నముకలిపి ఆ నగరపు కట్టడములను లేపినవారిలో వారొకరు. వారి పేరు ఏ సౌధముపైనను చెక్కబడలేదు. వారు కాపురమున్న పేటకు మాత్రము నిలిచినది. మనము నవ్వినది మన తాతలవంటివారి పేరును విని.

కావున వీధిని వ్రాయబూనువాడు వింతను చూచినంతనే కలమెత్తరాదు. ఈ దృశ్యము ఎవనికి వింత కాదు అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. డబ్బా మోయువాడో, ఇడ్లీలమ్ము తల్లియో, కట్టెవంతెన లేని కూడలిలో దినమును బస్సుదిగు గుమాస్తాయో, వాడొకడు తప్పక యుండును. వానిని కనుగొని వాని కన్నులతో మరల నొకసారి చూచినప్పుడు నవ్వు మిగిలినచో అది వ్రాయదగిన నవ్వు. ఈ శ్రమకు కాలము కూడ పరిమితమే. వేసైడ్ ఇన్ ఇప్పుడు లేదు. కూడలులు మారుచున్నవి, వానిని ఇల్లుగా చేసికొన్నవారు చెదరిపోవుచున్నారు. రాజుల విగ్రహములకు తోటలలో చోటు దొరకును. ఇడ్లీలమ్మిన తల్లికి దొరకిన చోటు ఆ పుస్తకమొక్కటియే.