ఇంటిలో వెండితెర: లెక్కకు రాని ఖర్చులు

వేరుసెనగ కోతలు ముగిసి, చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులలో ఊరి వెలుపలి బయలులో టూరింగు టాకీసు డేరా లేచేది. అనంతపురం పల్లెలలోని పెద్దలకు అది నేటికీ జ్ఞాపకమే. కార్బను కడ్డీల కొనల మధ్య మండే జ్వాలయే ఆనాటి తెరమీది వెలుగు. కడ్డీలు కాలి తరిగిపోనిదే బొమ్మ లేదు. కనుక యంత్రం వెల ఒక్కటే కాక, ప్రతి ఆటకూ కాలే కడ్డీల వెల కూడ యజమాని లెక్కలో ఉండవలసినదే.

నేడు ఆ వెండితెర మన గోడమీదికి వచ్చినది. ప్రొజెక్టరు కొనేవారు దాని వెల అడుగుతారు. అందులో కాలేది ఏమిటని అడగరు.

దీపంతో పనిచేసే ప్రొజెక్టర్లలో సాధారణంగా ఉండేది పాదరసపు ఆవిరి దీపం. దాని ఆయువు 2,000 మొదలు 5,000 గంటల వరకు ఉంటుంది. ఆయువు తీరుట అనగా దీపం ఆరుట కాదు. సాధారణంగా వెలుగు మొదటిదానిలో సగానికి పడిపోవుట.

ఒక లెక్క చూద్దాం. దీపం 3,000 గంటలది, వెల 9,000 రూపాయలు అనుకొందాం. గంటకు 3 రూపాయలు. దినమునకు 3 గంటలు చూచే ఇంటిలో 1,000 దినాలకు, అనగా మూడేండ్లు నిండకమునుపే, దానిని మార్చవలె. యంత్రం 300 వాట్లదైతే గంటకు 0.3 యూనిటు, నెలకు 27 యూనిట్లు. యూనిటు 6 రూపాయలనుకొన్నా, గంటకు 1 రూపాయి 80 పైసలు. కరెంటుకన్న దీపమే ప్రియమన్నమాట.

ఇక మన సీమ సంగతి. నైరుతి గాలులు తమ నీటిలో ఎక్కువ భాగం పడమటి కనుమలలో విడిచి, ఇక్కడికి పొడిగా వస్తాయి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టలో ఆ గాలి వెంట దుమ్ము లేస్తుంది. ప్రొజెక్టరు తన వేడిని తగ్గించుకొనుటకు గాలిని లోనికి పీల్చవలసినదే. జల్లెడ దుమ్ముతో పూడితే వేడి పెరిగి, దీపం ఆయువు తరుగుతుంది. హఠాత్తుగా కరెంటు పోతే లోపలి పంకా ఆగి, వేడి లోననే నిలుస్తుంది. దీనికి యు.పి.ఎస్. ఒకటి కొనవలసి వస్తుంది.

వేసవి మరొక చిక్కు తెస్తుంది. ఎన్నో ప్రొజెక్టర్లు 35 లేక 40 డిగ్రీల వేడివరకే పనిచేయునట్లు చేయబడినవి. మన ఏప్రిల్, మే నెలలు ఆ హద్దును దాటుతాయి. పైగా చీకటికోసం కిటికీలు మూయవలె, మూస్తే ఏ.సి. కావలె. ఒకటిన్నర టన్నుల ఏ.సి. పూర్తిగా నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు తీసుకొంటుంది. ప్రొజెక్టరుకు ఐదింతలు! వాడకం హెచ్చినకొద్దీ రేటు హెచ్చే శ్లాబుల పద్ధతిలో ఆ భారం మరింత తెలుస్తుంది.

లేజరు, ఎల్.ఇ.డి. ప్రొజెక్టర్లకు 20,000 గంటల ఆయువు చెబుతారు. దీపం మార్చే బెడద తప్పుతుంది. దుమ్ము, వేడి బెడద తప్పదు. వెలుగు మూలం చెడితే ఇంటిలో మార్చుకొనుట సాధారణంగా సాధ్యం కాదు.

కాబట్టి కొనబోయేముందు మూడు ప్రశ్నలు అడగండి. దీపం వెల ఎంత, అది నాలుగేండ్ల తరువాత దొరుకుతుందా? జల్లెడను మనమే తీసి శుభ్రం చేసుకొనవచ్చునా? ఎంత వేడివరకు పనిచేస్తుంది? జవాబులు వ్రాసుకొని, ఖర్చునంతా గంటలతో భాగించండి. వానను నమ్మి వ్యయం చేయలేని సీమ మనది; వినోదానికైనా గంట లెక్క తెలిసి ఖర్చు పెట్టుట మేలు.